వేదిక మీద గుడ్డకి చప్పట్లు సరే, మగ్గం కాడి మనిషికి?

2025 మే 10న హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో మిస్ వరల్డ్ పోటీలు మొదలైనాయి. వందకు పైగా దేశాల ఆడపిల్లలు ఎవురి దేశం బట్టల్లో వాళ్లు నడిచినారు. ఆ నెల 15న కొందురు పోచంపల్లికి పోయి మగ్గాలు చూసొచ్చినారు. అందాల పోటీకీ మగ్గానికీ ఏం సంబంధమబ్బా అని శానామంది అనుకున్యారు. సంబంధం ఉంది. అది తెలియాలంటే ఫిలిప్పీన్స్‌ను చూడాల.

7 వేలకు పైగా దీవుల దేశమది. స్పెయినోళ్లు 333 ఏండ్లు ఏలినారు, ఆనక అమెరికావోళ్లు. దేశం పేరే స్పెయిన్ రాజు ఫిలిప్‌ది. పేరు గూడా పరాయోడు పెట్టిపోయినాక, "మేమెవురం?" అనే ప్రశ్న ఊరికే పోతాదా? అందాల పోటీలంటే వాళ్లకి మన క్రికెట్ అంత పిచ్చి. మిస్ యూనివర్స్ కిరీటం నాలుగు తూర్లు గెలిచినారు: 1969, 1973, 2015, 2018. లోకమంతా చూసే ఆ వేదిక మీదనే వాళ్ల జవాబు చెప్పుకుంటారు.

2018లో బ్యాంకాక్‌లో కత్రియోనా గ్రే వేసుకున్న జాతీయ వేషం పేరు 'లుజ్‌విమిందా'. లుజోన్, విసాయాస్, మిందనావో అనే మూడు దీవుల గుంపుల పేర్లు కలిపిన మాట. వీపు మీద పెద్ద చుక్క దీపం. క్రిస్మస్‌కి ఇండ్ల ముందర వేలాడేసే 'పరోల్' అది.

ఇంక గుడ్డ సంగతి. అక్లాన్ అనే సీమలో అనాస ఆకుల నారతో 'పిన్యా' గుడ్డ చేత్తోనే నేస్తారు. 2023లో యునెస్కో దాన్ని గుర్తించింది. మిందనావోలో త్'బోలి ఆడోళ్లు అరటి జాతి చెట్టు నారకి ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆనక 'తినాలాక్' నేస్తారు. పోచంపల్లి ఇక్కత్ పద్ధతీ అదే. నేసినాక అద్దేది కాదు, నేయకముందే నూలుకి కట్లు, రంగులు. సముద్రానికి ఆపక్క, ఈపక్క ఒకటే పనితనం! తినాలాక్ నేసే లాంగ్ దులాయ్ అనే ముసలమ్మకి 1998లో ఆ దేశం పెద్ద బిరుదిచ్చి గౌరవించింది.

నేర్చుకోవాల్సింది ఇదే. వేషానికి చప్పట్లు కొడితే సాలదు, నేసిన మనిషి పేరూ పలకాల. కొండ జాతుల గుడ్డని అడక్కుండా వాడుకుంటే అది గౌరవం కాదు, అరువు సోకు.

మన తట్టు చూద్దాం. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేతల సహకార సంఘం పెట్టించినాడు. 1954లో పద్మశ్రీ వచ్చింది. చేనేతకే అని 11 రకాలు కేటాయిస్తా 1985 నాటి చట్టమూ ఉంది. అయినా మగ్గం గుడ్డ మాదిరే కనపడే మరమగ్గం గుడ్డ సగం ధరకే అంగట్లో దొరుకుతాంటే, నేసేటోడి కూలి యాడ పెరుగుతాది? కోసిగి బస్టాండులో సుగ్గికి పోయేటోళ్ల మూటలు చూసినోళ్లకి ఎరుకే: చేతిపని కూడు పెట్టకపోతే మనిషి ఊర్లో నిలవడు.

అందాల పోటీలు కావాలా వద్దా అనేది వేరే వాదన. ఈసారి వేదిక మీద నేత గుడ్డ కనపడితే మాత్రం రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఏ ఊరిది? నేసినోళ్లకి ఎంత ముట్టింది?