రాజ్‌ని చూసి నవ్వారా? ఆ నోటిఫికేషన్ మళ్లీ చదవండి!

‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’ చూశారా? 2007 నుంచి 2019 వరకు అమెరికాలో సీబీఎస్ చానల్‌లో 279 ఎపిసోడ్లు నడిచిన కామెడీ సీరియల్. కాల్‌టెక్ యూనివర్సిటీలో పనిచేసే నలుగురు స్నేహితుల గోల. తెల్లారితే సెమిస్టర్ పరీక్ష ఉన్నా ‘ఒక్క ఎపిసోడే’ అంటూ చూసే బ్యాచ్ మీ హాస్టల్లోనూ ఉండే ఉంటుంది. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే మాత్రం మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్‌ని కాస్త శ్రద్ధగా చూడండి.

అందులో రాజ్ మన ఢిల్లీ కుర్రాడు, ఖగోళ భౌతిక శాస్త్రవేత్త. చేస్తున్న పరిశోధన ఆర్నెల్ల కిందటే ముందుకు సాగక ఆగిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పడు. పనిచేస్తున్నట్టు నటిస్తూ నెట్టుకొస్తాడు. తీరా బయటపడేసరికి ఉద్యోగంతో పాటు వీసాకీ ఎసరొస్తుంది. వేరే ప్రాజెక్టు ఇంటర్వ్యూకి వెళ్తే... ఆడవాళ్ల ముందు మందు పడనిదే అతనికి నోరు పెగలదు కదా, తాగి అనకూడని మాట అనేసి ఆ అవకాశమూ పోగొట్టుకుంటాడు. చివరికి స్నేహితుడు షెల్డన్ కిందే చేరాల్సొస్తుంది. ఆ మహానుభావుడు ఇంటర్వ్యూ చేయందే ఉద్యోగం ఇవ్వడు!

ఇందులో కల్పన మనం అనుకున్నంత ఏమీ లేదు. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్ల ఉద్యోగం పోతే ఇప్పటికీ సాధారణంగా గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఇక్కడ మన ల్యాబుల్లోనూ అంతే. జేఆర్‌ఎఫ్‌కి నెలకు రూ.37,000 అనగానే కళ్లు అక్కడే ఆగిపోతాయి. ప్రాజెక్టు పోస్టుల నోటిఫికేషన్లో కింద ‘ప్రాజెక్టు ఉన్నంతవరకే’ అనే లైను కూడా చదవండి. ఇంకా ఎన్ని నెలలు మిగిలుంది? పొడిగిస్తారా? ఇదే పని మీద పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకోవచ్చా? ఇంటర్వ్యూలో అడగడానికి మొహమాటపడొద్దు. చేరాక ప్రయోగం ఫెయిలైతే ఆ వారమే గైడ్‌కి చెప్పేయండి. రాజ్ కొంప ముంచింది పరిశోధన ఆగిపోవడం కాదు, ఆర్నెల్లు దాచడం.

ఇంజినీరింగ్ వాళ్లకూ ఇందులో ఒకడున్నాడు. పీహెచ్‌డీ లేదని హోవర్డ్‌ని షెల్డన్ ఏడిపించని రోజుండదు. నలుగురిలో అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చింది మాత్రం అతనే.

అన్నట్టు, వెనక బోర్డు మీద కనిపించే సమీకరణాలు ఉత్త డెకరేషన్ కాదు. యూసీఎల్‌ఏ ఫిజిక్స్ ప్రొఫెసర్ డేవిడ్ సాల్ట్‌జ్‌బర్గ్ రాసిచ్చేవారు. ఫిజిక్స్ వాళ్లు ఈసారి అక్కడ పాజ్ కొట్టి చూడండి.