కార్డు ఉంటే చాలునా?

రోగము కంటె రోగపు ఖర్చుకే మనవాళ్లు ఎక్కువ భయపడతారు. ఇది పుస్తకంలో చదివి వ్రాస్తున్న మాట కాదు. మా యింట్లో చూచినది.

1996వ సంవత్సరం. మా పెద్దనాయన షోలాపూర్‌లో పవర్‌లూమ్ మీద చాదర్లు నేసేవాడు. ఛాతీలో నొప్పి వస్తూంటే రెండు నెలలు దాచుకున్నాడు. పెద్దమ్మ ఆసుపత్రికి పోదామంటే, "నాకేం కాలే. దవాఖానకు పోతే ఇల్లు పోతది" అన్నాడు. చివరకు ఆమె పుస్తెలతాడు కుదువబెట్టి తీసుకొనిపోయేసరికి వేళ మించిపోయినది. మనిషీ దక్కలేదు, మిత్తి కట్టలేక పుస్తెలతాడూ దక్కలేదు.

2021లో ఆయన కుమారునికి, అనగా మా అన్నకు, అదే నొప్పి వచ్చినది. ఈసారి యింట్లో పసుపు రేషన్ కార్డు వున్నది, దానితో ప్రభుత్వ ఆరోగ్య పథకమూ వున్నది. అదే రోజున ఆసుపత్రికి పోయినాడు. రెండు స్టెంట్లు వేసినారు. నెల తిరిగాక మళ్లీ పనికి పోయినాడు. ఈ పాతికేళ్లలో వైద్యం పెరిగినమాట నిజమే. కాని ఎంత వైద్యమున్నా, రోగి ఆసుపత్రి మెట్లు ఎక్కితేనే గదా! ఖర్చు భయం లేదు గనుక మా అన్న వెంటనే ఎక్కినాడు.

భీమా అంటే కొత్త సంగతేమీ కాదు. పదిమంది తలా కొంచెం వేసి, ఆపద వచ్చినవానికి అందించడమే. జర్మనీ దేశంలో కార్మికులకు 1883లోనే రోగభీమా చట్టం వచ్చినది. మన దేశంలో కార్మిక రాజ్యభీమా పథకం, అందరూ ఇ.ఎస్.ఐ. అనేది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో మొదలయినది. అయితే అది జీతాల పట్టికలో పేరున్నవారికి మాత్రమే. ఇంట్లో కూర్చుండి బీడీలు చుట్టే అక్కచెల్లెండ్రకూ, రోజుకూలీలకూ వ్యాధి వస్తే అప్పులవాడే దిక్కయినాడు.

మహారాష్ట్రలో 2012 జూలైలో రాజీవ్‌గాంధీ జీవనదాయీ ఆరోగ్య యోజన ఎనిమిది జిల్లాలలో ప్రారంభమయినది. వానిలో మన షోలాపూర్ ఒకటి. పసుపు, నారింజ కార్డుల కుటుంబాలకు సాలుకు లక్షా యాభైవేల రూపాయల వరకు వైద్యం లభించినది. 2017లో దానికి మహాత్మా జ్యోతిరావు ఫులే పేరు పెట్టినారు. 2018 సెప్టెంబరు 23న కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ వచ్చినది. కుటుంబానికి సాలుకు 5 లక్షలు. 2024లో మహారాష్ట్ర పథకం కూడా తెల్లకార్డువారితో సహా అన్ని కుటుంబాలకూ 5 లక్షల వరకు విస్తరించినది. ఆ యేడే అక్టోబరులో 70 ఏండ్లు నిండినవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ వర్తింపజేసినారు.

ఇందువల్ల ప్రజల ఆయువు పెరుగుతుందా, లేక ఆసుపత్రుల ఆదాయమే పెరుగుతుందా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమయిన ప్రశ్నే. దీనికి మన పొరుగున కర్ణాటకలో ఒక నిదర్శనమున్నది. అక్కడ 2010లో వాజపేయి ఆరోగ్యశ్రీని ముందుగా ఉత్తర జిల్లాలలోని పేదలకు పెట్టినారు. పథకమున్న గ్రామాలనూ, సరిహద్దుకు ఆవల పథకం లేని గ్రామాలనూ పోల్చి చూచి, 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రకటించినారు. పథకం వర్తించే వ్యాధులతో, ముఖ్యంగా గుండెజబ్బు, క్యాన్సరులతో, మరణాలు పథకమున్న పేద కుటుంబాలలో 64 శాతం తక్కువ. ఆసుపత్రిలో చేరినవారి చేతిఖర్చు 34 శాతం తక్కువ. కార్డు ఇచ్చి ఊరుకోలేదు, పల్లెలలో వైద్యశిబిరాలు పెట్టి రోగులను వెదకి పంపినారు. ఇది మరువరాదు.

ఇక రెండవ వైపు చూడవలెను. ఈ పథకాలు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినవారికే. మా అన్నకు స్టెంట్లు ఉచితంగా పడినవి గాని, ఇంటికి వచ్చినాక నెలనెలా మందులు మేమే కొంటున్నాము. రక్తపుపోటు, మధుమేహం ముందుగా కనిపెట్టి అదుపులో ఉంచితే గుండె అంతదూరం పోదు. ఆ పని పెద్ద ఆసుపత్రిది కాదు, వీధి చివర నున్న ప్రభుత్వ దవాఖానాది. మురికినీరు, దోమలు, మగ్గాల గదులలోని నూగు, క్షయ — వీనికి భీమా కార్డు అడ్డుపడదు. క్షయకు ప్రభుత్వమే మందులు ఉచితంగా ఇస్తున్నది, కాని దగ్గును దాచుకుంటే ఏమి లాభం?

మరొక అపాయం ఉన్నది. డబ్బు ప్రభుత్వమిస్తుంది గదా అని అవసరం లేని శస్త్రచికిత్సలు చేసేవారు ఉన్నారు. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరంగా స్త్రీల గర్భసంచులు తీసివేసిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయినది. ఆ ఆపరేషన్లపై కేంద్రం చేసిన మార్గదర్శక సూత్రాలను మూడు నెలలలో అమలు చేయవలెనని 2023 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాలను ఆదేశించినది. కనుక అక్కచెల్లెండ్రు ఉచితమని తొందరపడక, రెండవ డాక్టరును కూడా అడగవలెను.

గుమాస్తాను గనుక ఇంకొక మాట చెప్పక తప్పదు. మన యింటిపేర్లు, మన పేర్లు మరాఠీలో వ్రాసేటప్పుడు తలకొకరకంగా పడతాయి. మా అన్న పేరు రేషన్ కార్డులో ఒక తీరు, ఆధారులో ఒక తీరు. ఆ ఒక్క అక్షరం కోసం ఆసుపత్రివారు ముందు డబ్బు కట్టుమన్నారు. నేను ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర సాయంత్రం దాకా నిలబడి, కాగితాలు చూపించి సరిచేయించినాను. చదువు రానివారయితే ఏమి చేసేవారు? రోగం రాకముందే ఇంట్లో అందరి కాగితాలూ ఒకచోట పెట్టి, అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. ఆసుపత్రి ఆ పథకంలో ఉన్నదో లేదో 14555 నెంబరుకు అడిగి తెలుసుకోవచ్చు.

మా పెద్దమ్మకు ఇప్పుడు డెబ్బది దాటినవి. ఆమెకూ కార్డు తీయించి ఇచ్చినాను. చాలాసేపు చేతిలో పట్టుకొని చూచి, "గప్పుడుంటే ఎంత బాగుండు బిడ్డా" అన్నది.

పోయినవారిని తేలేము. ఉన్నవారినైనా కాపాడుకుందాము. ప్రతి పేటలో చదువుకున్న యువకులు ఇద్దరు ఆదివారం పూట గంటసేపు కూర్చుండి, పెద్దల కాగితాలు సరిచేసిపెడితే అది మన సంఘానికి తగిన సేవ. దానితోపాటు నెలకొకసారి రక్తపుపోటు చూపించుకొండని ఆ పెద్దలకు చెప్పి పంపితే, కార్డు వాడవలసిన అవసరమే చాలామందికి రాకపోవచ్చు.