అడుగంటిన ట్యాంకు - హెచ్చరిక దీపము

2024 సెప్టెంబరు 1వ తేదీ నాటి కుండపోత వర్షములకు కోదాడ పట్టణము జలమయమైనది. రాష్ట్ర సరిహద్దు సమీపమున నల్లబండగూడెము వద్ద పాలేరు పొంగి, హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయినవి. సరిహద్దుకు ఆవల నందిగామ దగ్గరి ఐతవరము వద్ద కూడ వరద నీరు రోడ్డు నెక్కినది. విజయవాడకు పోవు వాహనములను నార్కెట్‌పల్లి వద్దనే మళ్లించి నల్లగొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా పంపవలసి వచ్చినది.

అట్టి దినమున ఒక కారు సూర్యాపేట చేరునప్పటికి దాని మీటరులో ఇంధనపు దీపము వెలిగినదనుకొందము. మామూలు రోజైనచో "ఫరవాలేదు, కోదాడలో పోయించుకొందము" అని డ్రైవరు ముందుకు సాగును. దూరము సుమారు 45 కిలోమీటర్లే కదా! కాని రోడ్డు తెగిన నాడు ఆ లెక్క తలక్రిందులగును. ఆ చిన్న దీపము దేనిని కొలుచుచున్నది? అది వెలిగిన పిమ్మట ఎంత దూరము పోవచ్చును? ఈ ప్రశ్నలకు సమాధానము హైస్కూలు భౌతికశాస్త్రములోనే దొరకును.

రిజర్వు అనగా నేమి?

దీపములు రాకముందే "రిజర్వు" అను మాట మన పల్లెలకు వచ్చినది. వెనుకటి స్కూటర్లలోను, మోటారు సైకిళ్లలోను ట్యాంకు అడుగున ఒక కుళాయి ఉండెడిది. దానికి లోపల రెండు దారులు. ఒక గొట్టము అడుగు నుండి కొంత ఎత్తునకు లేచియుండును. రెండవ దారి అడుగుననే తెరుచుకొనును. సాధారణముగా పొడవు గొట్టము ద్వారా పెట్రోలు దిగును. మట్టము ఆ గొట్టపు మూతి కంటె క్రిందికి పోగానే ప్రవాహమాగి, ఇంజను తడబడును. అప్పుడు కుళాయిని రిజర్వు వైపు త్రిప్పినచో మిగిలిన కొద్ది పెట్రోలు రెండవ దారిన దిగును. ఆ బండికి ముల్లు లేదు, దీపము లేదు; ఇంజను తడబాటే హెచ్చరిక. అదియు అయిపోయిన పిదప బండిని ప్రక్కకు వంచి, మూలల నున్న నాలుగు చుక్కలను కుళాయి వైపు రప్పించి బంకు దాక చేరినవారు అనేకులు.

కారులో ఇట్టి కుళాయి లేదు. ట్యాంకు అడుగున మిగిలిన భాగమునే రిజర్వు అని పిలుచుచున్నారు. అది వేరుగా దాచిపెట్టిన ఇంధనము కాదు. ఈ సంగతి చాలమందికి తెలియదు.

ముల్లు కదలుట - దీపము వెలుగుట

ట్యాంకులో ఒక తేలిక బెండు ఇంధనముపై తేలుచుండును. దానికొక సన్నని కడ్డీ అమర్చబడియుండును. ఇంధనము తగ్గినకొలది బెండు దిగును. కడ్డీ తిరిగి, దాని రెండవ కొస విద్యుత్ నిరోధపు పట్టీపై జరుగును. నిరోధము మారగా ప్రవాహము మారును. ఆ మార్పును మీటరులోని ముల్లు చూపును. ఓమ్ నియమము చదివిన విద్యార్థి కిది క్రొత్త విషయము కాదు.

హెచ్చరిక దీపమునకు కొన్ని కార్లలో థర్మిస్టరు అను చిన్న పూసను వాడిరి. వేడి పెరిగినకొలది దీని నిరోధము తగ్గును. ఇంధనములో మునిగియున్నంత వరకు పూస చల్లగా ఉండును. నిరోధ మెక్కువగుటచే దీపము వెలుగదు. మట్టము తగ్గి పూస బయటపడగానే తన గుండా పోవు ప్రవాహము చేతనే అది వేడెక్కును. నిరోధము తగ్గి, ప్రవాహము పెరిగి, దీపము వెలుగును. పూస వేడెక్కుటకు కొంత కాలము పట్టును గనుక ఇంధనము ఒక్కసారి అటునిటు ఊగినంత మాత్రమున దీపము మిణుకుమనదు. నేటి కార్లలో బెండు నుండి వచ్చు సంకేతమునే చిన్న కంప్యూటరు కొంతసేపు గమనించి, సగటు కట్టి, దీపమును వెలిగించుచున్నది.

ఏ పద్ధతియైనను కొలతకు వచ్చునది మట్టము మాత్రమే. ముందున్న రోడ్డును గాని, ఎండను గాని, వరదను గాని దీప మెరుగదు.

పల్చని పొర

ఒక లెక్క చూతము. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 50 సెంటీమీటర్లు గల చదునైన ట్యాంకు అడుగున 5 లీటర్ల పెట్రోలు ఉన్నదనుకొందము. అడుగు వైశాల్యము 3,000 చదరపు సెంటీమీటర్లు. 5 లీటర్లనగా 5,000 ఘన సెంటీమీటర్లు. భాగించగా లోతు సుమారు 1.7 సెంటీమీటర్లు మాత్రమే. అది తొట్టిలో నిలిచిన నీరు వంటిది కాదు, పళ్లెములో పోసిన నీరు వంటిది.

ఇప్పుడు ఆ కారు 20 మీటర్లకు ఒక మీటరు లేచు ఎత్తు నెక్కుచున్నదనుకొందము. 60 సెంటీమీటర్ల ట్యాంకులో ఈ కొసకు, ఆ కొసకు తేడా 3 సెంటీమీటర్లు వచ్చును. ఒక కొసన లోతు 3.2 సెంటీమీటర్లకు పెరుగగా, రెండవ కొసన 0.2 సెంటీమీటరుకు తగ్గును. గట్టిగా బ్రేకు వేసినను, మలుపు తిరిగినను ఇంధనము ఇంతకంటె ఎక్కువగా ఒక ప్రక్కకు ఒరుగును. ఎత్తు ఎక్కునప్పుడు వెలిగిన దీపము చదును నేలపై ఆరిపోవుటకు కారణ మిదియే. ఆరినంత మాత్రమున ఇంధనము పెరుగలేదు.

తరగతిలో దీనిని సులభముగా చూపవచ్చును. వెడల్పైన పారదర్శకపు డబ్బాలో వ్రేలెడు మందము నీరు పోసి, ఒక కొసన అడుగునకు తగులునట్లు స్ట్రా ఉంచి నీటిని పీల్చుచు, డబ్బాను మెల్లగా రెండవ వైపునకు వంచవలెను. నీరుండగనే స్ట్రాలోనికి గాలి వచ్చును. ఈ చిక్కు తప్పించుటకే అనేక కార్లలో పంపు చుట్టును ఒక చిన్న గిన్నె అమర్చి, అందులో కొంత ఇంధనము నిలుచునట్లు చేసిరి.

ఎన్ని కిలోమీటర్లు?

లీటరుకు 15 కిలోమీటర్లు పోవు కారులో 5 లీటర్లు మిగిలినపుడు దీపము వెలిగినచో, లెక్క ప్రకారము 75 కిలోమీటర్లు పోవలెను. సూర్యాపేట నుండి కోదాడకు ఇది ధారాళముగా సరిపోవును. కాని రోడ్డు తెగి, వాహనముల బారులో మూడు గంటలు నిలువవలసి వచ్చినదనుకొందము. ఏసీ వేసి ఇంజను ఆపకుండ నిలిపినచో గంటకు సుమారు ఒక లీటరు ఖర్చగును. 3 లీటర్లు కదలకుండగనే కాలిపోయినవి. మిగిలినవి 2 లీటర్లు. దూరము 30 కిలోమీటర్లు. ఇప్పుడు కోదాడ అందదు. మిర్యాలగూడ వైపు మళ్లవలెనన్నను సూర్యాపేట నుండి సుమారు 50 కిలోమీటర్లు, అదియు అందదు. దీపము అబద్ధమాడలేదు. డ్రైవరు మట్టమును దూరముగా చదువుకొనుటయే పొరపాటు.

వరద వచ్చిననాడే ఇట్లగునని అనుకొనరాదు. సంక్రాంతికి ముందు పంతంగి టోల్ గేటు వద్ద వాహనములు బారులు తీరుట తెలిసినదే. 2024 జనవరి ఆరంభమున ట్యాంకరు డ్రైవర్లు సమ్మె చేసినపుడు హైదరాబాదులో బంకులే ఖాళీ యైనవి. అనగా "ముందు బంకు ఉన్నది" అనుటయు, "ఆ బంకులో ఇంధన మున్నది" అనుటయు ఒకటి కావు.

కొన్ని కార్లు ఇంకెన్ని కిలోమీటర్లు పోవచ్చునో అంకెలలో చూపును. అది గతమునుబట్టి కట్టిన అంచనా. సాఫీగా సాగిన రోడ్డు మీది సగటును అది ముందు రానున్న రద్దీకి కూడ అన్వయించును. ఇంధనపు స్వభావమును కూడ మరువరాదు. 2025 నాటికి మన దేశములో పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపు స్థితి వచ్చినది. లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే. కావున ఈ మిశ్రమపు లీటరులో శక్తి దాదాపు 7 శాతము తక్కువ. పాత లెక్కలపై ఆధారపడువారు దీనిని గమనింపవలెను.

యంత్రమునకు కలుగు కీడు

నేటి పెట్రోలు కార్లలో విద్యుత్ పంపు ట్యాంకులోనే మునిగియుండును. దానిగుండా పారు ఇంధనమే దానిని చల్లబరచును. ఇంధనమునకు బదులు గాలిని పీల్చినచో పంపు వేడెక్కి త్వరగా అరుగును. ఒకనాటి పొరపాటుతో పంపు చెడిపోదు. ఎల్లప్పుడు అడుగంటిన ట్యాంకుతో తిరుగుటయే అలవాటైనచో దాని ఆయువు తగ్గును. ఇంధనము తెగి తెగి అందినపుడు సిలిండర్లలో మంట సరిగా అంటుకొనదు. కాలని ఇంధనము పొగగొట్టములోని ఉత్ప్రేరక పరికరమును చేరి అచ్చట మండి, దానిని పాడుచేయవచ్చును.

డీజిలు వాహనములకు చిక్కు మరి యెక్కువ. మిర్యాలగూడ రైసు మిల్లులకు ధాన్యము తోలు ట్రాక్టరు డ్రైవర్ల కిది అనుభవమే. డీజిలు పూర్తిగా అయిపోయినచో గొట్టములలో గాలి చేరును. ద్రవము అణగదు, గాలి అణగును. కావున పంపు ఎంత నొక్కినను కావలసిన పీడనము కలుగదు. డీజిలు పోసిన తరువాత కూడ ఆ గాలిని తీసివేసిన గాని బండి కదలదు. పైగా ఆ పంపులోని భాగములకు డీజిలే కందెన.

"అడుగునున్న మడ్డి ఇంజనులోనికి పోవును" అను మాట కూడ వినబడును. ఇందులో కొంతయే నిజము. ట్యాంకు నిండియున్నను పంపు అడుగు నుండియే ఇంధనమును తీసికొనును. మడ్డిని ఆపుటకు జల్లెడ ఉన్నది. అయితే కొద్ది ఇంధనము ఎక్కువగా ఊగుటచే మడ్డి కలగి, జల్లెడకు పని పెరుగును.

వీటన్నిటి కంటె పెద్ద కీడు మనుష్యులకు. ఇంజను ఆగగానే బ్రేకునకు, స్టీరింగునకు అందు సహాయము తగ్గి, అవి బిగుసుకొనును. భారీ లారీలు వేగముగా సాగు రహదారి నడుమ, రాత్రివేళ, కదలని కారు ఎంత ప్రమాదమో వివరింప నక్కరలేదు.

దీపము వెలిగినపుడు

చాలమంది దీపము వెలుగగానే "అయిపోకముందే చేరవలెను" అని వేగము పెంచుదురు. ఇది తప్పు. గాలి నిరోధము వేగపు వర్గమును అనుసరించి పెరుగును. 80 నుండి 100 కిలోమీటర్లకు వేగము పెంచినచో అది ఒకటిన్నర రెట్లకు పైగా అగును. ఎడమ ప్రక్కగా, నిలకడగా, మితమైన వేగముతో పోవుట మేలు. ఏసీ ఆపవలెను. ఎక్కువసేపు నిలువవలసి వచ్చినచో, బండి కదలకుండ ఉన్నపుడే, ఇంజను ఆపవలెను. పల్లములో న్యూట్రల్ చేయుటవలన లాభము లేదు. గేరులో ఉండి యాక్సిలరేటరు వదలినచో నేటి ఇంజనులు ఇంధనమును పూర్తిగా ఆపివేయును, న్యూట్రల్‌లో మాత్రము కొంత కాలుచునే ఉండును. పల్లములో ఇంజను ఆపుట మరింత ప్రమాదకరము.

బండి ఆగు సూచన కనిపించినచో వేగ ముండగనే రోడ్డు అంచునకు చేర్చి, హెచ్చరిక లైట్లు వేసి, ప్రయాణికులు రోడ్డుకు దూరముగా నిలువవలెను. జాతీయ రహదారులపై 1033 నంబరునకు ఫోను చేసి సహాయము కోరవచ్చును. ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు తెచ్చుకొను ఆలోచన మంచిది కాదు. సున్నకు 40 డిగ్రీలు దిగువన కూడ పెట్రోలు ఆవిరి నిప్పంటుకొనగలదు. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల వేసవి ఎండలో దాని సంగతి వేరుగా చెప్పవలెనా?

దూర ప్రయాణమునకు బయలుదేరువారు ట్యాంకులో పావు వంతు మిగిలియుండగనే పోయించుకొనుట మంచి నియమము. దీనివలన అదనపు ఖర్చు లేదు. ఎప్పటికైనను పోయవలసిన ఇంధనమునే కొంత ముందుగా పోయుట మాత్రమే. దీపము వెలిగిన తరువాత మిగిలినది ప్రయాణమునకు ఉద్దేశింపబడిన ఇంధనము కాదు, దగ్గరి బంకు వరకు చేర్చుటకు ఉద్దేశింపబడినది. సూర్యాపేటలో దీపము వెలిగినచో సూర్యాపేటలోనే పోయించుకొనవలెను.