సెంటు చవకే... ఎందుకు చవకో అడిగారా?

మొదటిసారి ఇల్లు కొనేవారికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చెప్పే లెక్కలు

పెళ్లయి ఆరేళ్లు. పాప ఒకటో తరగతికి వచ్చింది. నెల మొదట్లో బాడుగ, నెలాఖర్లో చీటీ. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో పనిచేసే కుర్రాడైనా, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుకెళ్లే ఉద్యోగైనా, పులివెందుల బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మైనా... ఈ వయసులో ఇంట్లో నడిచే చర్చ ఒకటే. ‘ఎన్నాళ్లీ బాడుగిల్లు? మనకంటూ మూడు సెంట్లు చూసుకుందామా?’ అప్పటికే ఎవరో బంధువు ఫోన్ చేసి ఉంటాడు. ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల వెంచరట, ఊళ్లో ధరలో సగమేనట. ఆదివారం సాయంత్రం బండేసుకుని వెళ్లి చూసొస్తారు. గేటు మీద ఆర్చి, నున్నటి సిమెంటు రోడ్డు, రంగులేసిన హద్దురాళ్లు. సోమవారానికల్లా అడ్వాన్సు సిద్ధం!

కాస్త ఆగండి. సగం ధరకు ఎందుకిస్తున్నారో తెలిసేదాకా ఆ డబ్బు బీరువాలోనే ఉండనివ్వండి. దూరమే కారణమైతే ఫర్వాలేదు, ఊరు పెరిగితే దూరం దానంతటదే తగ్గుతుంది. నేలదో, నీటిదో, కాగితాలదో లోపమైతే మాత్రం ఎన్నేళ్లు ఆగినా తగ్గదు.

రాయి పడితే ఫ్యాక్టరీ వచ్చినట్టేనా?

జమ్మలమడుగు వైపు స్థలం చూపించేవారి నోట ముందుగా వచ్చే మాట ఉక్కు ఫ్యాక్టరీ. దాని చరిత్ర ఒకసారి గుర్తుచేసుకుందాం. 2007లో బ్రహ్మణీ స్టీల్స్‌కు శంకుస్థాపన జరిగింది, ఆ పని మధ్యలోనే ఆగింది. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నె దగ్గర మరో శంకుస్థాపన. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర ఇంకొకటి. 2023 ఫిబ్రవరిలో అదే సున్నపురాళ్లపల్లెలో జేఎస్‌డబ్ల్యూ పేరుతో మళ్లీ భూమిపూజ. పదహారేళ్లలో నాలుగు! మొదటి రాయి పడ్డ ఏడు పుట్టిన బిడ్డ, నాలుగో రాయి పడేసరికి పదో తరగతి పరీక్షలకు వచ్చేశాడు.

ఫ్యాక్టరీ వద్దనో, రాదనో కాదు. పెట్టుబడికి స్థలం కొనేవాడు పదేళ్లు ఆగగలడు. ఉండటానికి ఇల్లు కొనేవాడు ఆగలేడు, అతని పిల్లలకు ఈ జూన్‌లోనే బడి కావాలి. అందుకే రాబోయేవాటికి కాదు, ఇప్పటికే నడుస్తున్నవాటికి ధర కట్టండి. నడుస్తున్న థర్మల్ కేంద్రం, నడుస్తున్న సిమెంటు ఫ్యాక్టరీలు, బస్సులు తిరిగే రోడ్డు, ఇప్పటికే తెరిచి ఉన్న ఆసుపత్రి. యర్రగుంట్ల-నంద్యాల రైలుమార్గం 2016లో మొదలయ్యాక ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ స్టేషన్లు వచ్చాయి. అయినా ‘స్టేషను పక్కనే’ అన్నప్పుడు అక్కడ రోజుకు ఎన్ని రైళ్లు ఆగుతున్నాయో, రాత్రి బండి దిగితే ఊళ్లోకి ఆటో దొరుకుతుందో లేదో కూడా అడగాలి.

గోడ పగిలేది పునాదిలోనే

ఈ ప్రాంతంలో పొలాలకు పేరు తెచ్చిన నల్లరేగడే ఇళ్లకు శత్రువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మే నెలలో పత్తి చేలో చెయ్యి దూరేంత నెర్రెలు చూస్తుంటాం కదా! అదే పని ఇంటి కింద కూడా జరుగుతుంది. గృహప్రవేశమైన రెండో ఏడాదో మూడో ఏడాదో కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక గీత మొదలవుతుంది. మేస్త్రి వచ్చి సిమెంటు పూస్తాడు, మళ్లీ ఎండాకాలానికి అది తెరుచుకుంటుంది.

పరిష్కారం లేకపోలేదు. నల్లమట్టి పొర లోతు తక్కువైతే దాన్ని పూర్తిగా తీసేసి, కింద గట్టి నేల తగిలేదాకా తవ్వి, గరుసుతో నింపి, ప్లింత్ బీమ్ వేసుకోవచ్చు. పొర లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ అంటారు ఇంజినీర్లు. అంటే నేలలోకి దించే, అడుగున వెడల్పైన కాంక్రీటు స్తంభాలు. రెండింటికీ ఖర్చుంది. సెంటు మీద మిగిలిందనుకున్న డబ్బు పునాదిలోకి వెళ్లిపోవచ్చు. కాబట్టి బేరం తేల్చుకునే ముందే యజమానిని ఒప్పించి స్థలంలో నిలువెత్తు గుంత తీయించండి. ఒక రోజు జేసీబీ బాడుగకు చూసుకుంటే ఇరవై ఏళ్ల అప్పు మీద తీసుకునే నిర్ణయం చేతిలో ఉంటుంది. అదీ కుదరకపోతే, పక్కన ఐదేళ్ల కిందట కట్టిన ఇంటి తలుపు తట్టండి. మంచినీళ్లు అడిగే నెపంతో గోడలు చూడొచ్చు!

బండరాయి నేల మంచిదే. కానీ జమ్మలమడుగు, యర్రగుంట్ల చుట్టూ నాపరాయి గనులెక్కువ. రాయి తీసేసి వదిలేసిన గుంతను మట్టితో పూడ్చి, పైన ప్లాట్లు గీస్తే కొత్తవారికి ఏం తెలుస్తుంది? చుట్టుపక్కల గొర్రెలు మేపుకునే పెద్దాయన్ని అడిగితే తెలుస్తుంది. సున్నపురాయి నేలకు ఇంకో గుణం కూడా ఉంది, నీటికి లోలోపల కరుగుతుంది. 2015 చివర్లో భారీ వానల తర్వాత కడప పక్కన చింతకొమ్మదిన్నె మండలంలో ఉన్నట్టుండి నేల కుంగి పెద్దపెద్ద గుంతలు పడ్డాయి. అంతటా అలా అవుతుందని కాదు, బండ ఉంది కదా అని ఇంజినీరును పిలవకుండా ఉండొద్దని.

తాగే నీరు, ముంచే నీరు

ప్రొద్దుటూరు దాహం తీర్చేది పెన్న. నదిలో నీరు పారినంత కాలం ఇసుకలోని బావులు నిండుతాయి, ఎండాకాలం మైలవరం జలాశయం నుంచి నీళ్లు వదిలితేగానీ ఊరట ఉండదు. మున్సిపాలిటీలోనే పరిస్థితి అలా ఉంటే, హద్దు దాటి కొత్తపల్లె, గోపవరం లాంటి పంచాయతీల వైపు కొనేవారు మరొక ప్రశ్న వేసుకోవాలి. ఈ వీధికి కుళాయి లైను ఎవరు ఇస్తారు, ఎప్పుడిస్తారు? చూడటానికి ఊరంతా ఒకటే. పన్ను కట్టేది, చెత్తబండి వచ్చేది, కాలువ తవ్వేది మాత్రం వేర్వేరు ఆఫీసులు.

పులివెందుల వైపు లెక్క వేరు. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ పాత సమస్య. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగటానికి పనికిరాదు. రంగు, రుచి, వాసనల్లో ఏ తేడా ఉండదు కాబట్టి నాలుకను నమ్ముకోలేం. వెంచర్‌లో బోరుందని చెబితే సీసాలో పట్టి ల్యాబులో పరీక్ష చేయించండి. వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం శుద్ధి కేంద్రపు వ్యర్థాల చెరువు దగ్గరి పల్లెల వారు తమ బోర్ల నీరు చెడిపోయిందని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. ఆ వైపు స్థలం చూసేవారికి ఈ పరీక్ష తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఇక ముంచే నీరు. కరవు జిల్లాలో వరదేమిటని నవ్వేవాళ్లను 2021 నవంబరు ఏడిపించింది. చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పల్లెలు కొట్టుకుపోయాయి. కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కూలింది. అంతకు రెండేళ్ల ముందు, 2019 సెప్టెంబరులో కుందూ పొంగింది. పెన్న ఒడ్డున, వంక పక్కన, చెరువు కట్ట కింద స్థలం చవకగా వస్తోందంటే కారణం వెతకనక్కర్లేదు. వంక ఎండిపోయి ముళ్లచెట్లు మొలిచినా రెవెన్యూ మ్యాపులో అది వంకే. దానికి ఇరవై ఏళ్లకొకసారి గుర్తొచ్చినా చాలు.

రిజిస్ట్రేషన్ అయితే హక్కొచ్చినట్టు కాదు

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అసైన్డ్ భూమి, అదే డీకేటీ పట్టా భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మటం, కొనటం కుదరదు. 20 ఏళ్లు దాటినవాటికి 2023లో సవరణతో హక్కులిచ్చినా, 2024లో ప్రభుత్వం మారాక అలాంటి ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ చేయించారు. ‘ఇప్పుడు ఫ్రీగానే ఉంది’ అనే మాటను నమ్మి ముందుకు వెళ్లకండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూడండి. ఈసీ కనీసం ముప్పై ఏళ్లకు తీయించి, లింకు డాక్యుమెంట్లతో సహా లాయరు చేతిలో పెట్టండి. అన్నదమ్ముల భాగాలు తేలని పొలాలు ఇక్కడ తక్కువేమీ కాదు. ఒక చెల్లెలి సంతకం లేకపోయినా కోర్టు గుమ్మం ఎక్కాల్సి వస్తుంది.

లేఔట్‌కు అనుమతి నంబరు ఉందా? 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు పన్నెండు సెంట్లు దాటిన వెంచరైతే రెరాలో నమోదు కావాలి. ఆ నంబరు అడిగితే మాట దాటేస్తున్నారంటే మీరూ బండి తిప్పేయండి. అనుమతి లేని ప్లాటుకు తర్వాత ప్లాను రాదు, అపరాధ రుసుము కట్టి క్రమబద్ధీకరించుకోవాలి. అన్నిటికన్నా తేలికైన పరీక్ష ఒకటుంది. ఆ కాగితాలు తీసుకెళ్లి ప్రభుత్వ రంగ బ్యాంకులో అప్పు అడగండి. వాళ్ల లాయరు వద్దన్న స్థలం మీకూ వద్దు.

వడ్డీ రెండు రూపాయలా?

ముప్పై లక్షల లోపు గృహరుణానికి బ్యాంకులు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. అది గరిష్ఠం, అందరికీ అంత రాదు. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ఇతర రుసుములు కలిపి 7.5 శాతం చేతి నుంచే పెట్టుకోవాలి. ఇరవై లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు అనుకుంటే నెలకు కిస్తీ 18 వేలు. మీ బాడుగ ఏడు వేలైతే మిగతా పదకొండు వేలు ఎక్కడి నుంచి వస్తాయో ఆలుమగలు కూర్చుని రాసుకోవాల్సిందే. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని, ఏడాదికి తొమ్మిది లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 2024లో వచ్చిన పీఎం ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద వడ్డీ రాయితీ గరిష్ఠంగా 1.80 లక్షలు. అయితే ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటకూడదు. బ్యాంకులో అడగండి.

అడ్వాన్సు తక్కువ పడిందని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే? ఐదు లక్షలకు నెలకు పదివేలు వడ్డీయే. అసలు అలాగే ఉంటుంది. ఏడాదికి 24 శాతం! అంతకన్నా అమ్మవారి శాల దగ్గర రెండు సవర్లు అమ్ముకోవటం నయం.

చీకటి పడ్డాక వెళ్లండి

ఆదివారం సాయంత్రం చూసిన స్థలాన్ని మంగళవారం రాత్రి తొమ్మిదింటికి మళ్లీ చూడండి. వీధిదీపాలు వెలుగుతున్నాయా? బస్టాండులో దిగి ఒంటరిగా వచ్చే అమ్మాయికి దారిలో ఎన్ని ఇళ్ల తలుపులు తెరిచి ఉంటాయి? వంద ప్లాట్లలో మూడిళ్లే లేచిన వెంచరులో నాలుగో ఇల్లు మీదైతే, ఊరెళ్లినప్పుడల్లా గుండె ఇంటి దగ్గరే ఉంటుంది. అందుకే నా ఓటు ఊరి అంచున ఐదు సెంట్ల ఖాళీ ప్లాటుకు కాదు. సగం ఇళ్లు నిండిన పాత లేఔట్‌లో రెండున్నర సెంట్ల ఇంటికి. పాత మిద్దెకు కొత్త రంగులు వేసుకోవచ్చు, ఇరుగుపొరుగును మాత్రం ఏ మేస్త్రీ కట్టివ్వలేడు.

నచ్చితే అగ్రిమెంటు రాసుకునే రోజున ఒక వాక్యం అడిగి చేర్పించండి: హక్కుల్లో లోపం తేలినా, ఆ కారణంతో బ్యాంకు అప్పు నిరాకరించినా అడ్వాన్సు మొత్తం ఫలానా తేదీలోగా తిరిగివ్వాలి. దానికి యజమాని ఒప్పుకోకపోతే, పక్క వీధిలో ఇంకో ఇల్లు అమ్మకానికి ఉందేమో కనుక్కోండి.