పతంగి తెలిస్తే.. విమానం సగం వచ్చినట్టే!

ధూల్‌పేట పతంగికీ, 1950 నాటి బుల్లి రేడియో విమానానికీ దగ్గరి చుట్టరికం ఉంది. రెండూ పుల్లలు, పలచటి కాగితంతో ఎగిరేవే. ప్లాన్ చూసి సొంతంగా ఓ పాతకాలపు మోడల్ విమానం కట్టుకోవాలనుకుంటే పాతబస్తీ గల్లీల్లోనే తొలి పాఠం దొరుకుతుంది.

సంక్రాంతి దగ్గరపడితే గుల్జార్‌హౌజ్, హుస్సేనీఆలం, ధూల్‌పేట గల్లీలు రంగులమయం. కట్టలు కట్టలుగా పతంగులు, చరఖ్‌లు, మాంజా ఉండలు. డాబా మీద నుంచి 'అఫా..' అని కేక వినిపించిందంటే ఎవరిదో పతంగి తెగిందన్నమాట. నాలుగు రోజులు సందడే సందడి. పండగ వెళ్లిపోగానే పతంగి అటకెక్కుతుంది, మన చెయ్యి మళ్లీ ఫోన్ పట్టుకుంటుంది.

అటకెక్కించే ముందు ఆ పతంగిని ఒక్కసారి విప్పి చూడండి. రెండు వెదురు పుల్లలు, ఒక కాగితం, కాస్త జిగురు. అంతే! మోటార్ లేదు, బ్యాటరీ లేదు, చిప్ లేదు. అయినా అది నిలబడుతుంది, తిరుగుతుంది, చెప్పిన వైపు దూసుకెళ్తుంది. ఎలా?

అడ్డ పుల్లలోనే అసలు కిటుకు

పతంగికి నిలువుగా ఉండే పుల్ల వెన్నెముక లాంటిది. విల్లులా వంచి అంటించే అడ్డ పుల్ల ఉంది చూడండి, దాన్నే కమాన్ అంటారు. తెలివంతా అందులోనే ఉంది. మధ్యలో కాస్త మందంగా, చివరలకు వెళ్లేకొద్దీ సన్నగా ఉండేలా దాన్ని చెక్కుతారు. రెండు వైపులా ఒకేలా వంగాలి. ఒక పక్క బిరుసుగా ఉంటే పతంగి అదే పనిగా ఒక వైపుకే ఒరిగిపోతుంది. అందుకే పని తెలిసినవాళ్లు పుల్లని వేళ్ల మధ్య వంచి చూస్తారు, తేడా అనిపిస్తే కొంచెం గీస్తారు, మళ్లీ వంచి చూస్తారు. స్కేలు ఉండదు, లెక్క అంతా వేళ్లలోనే!

గాల్లోకి లేచాక ఏం జరుగుతుందో చూడండి. దారం లాగితే గాలి ఒత్తిడికి కమాన్ రెండు చివరలూ వెనక్కి వంగుతాయి. పతంగి లోతు తక్కువ 'వి' ఆకారంలోకి వస్తుంది. అప్పుడది తిన్నగా ముక్కు ఎటుంటే అటు దూసుకెళ్తుంది. ఢీల్ ఇస్తే దారం వదులై పతంగి చదునుగా మారుతుంది. వెంటనే గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. ముక్కు మనకు కావాల్సిన వైపు రాగానే మళ్లీ ఖీంచ్! తోక లేకుండా పతంగిని నడిపే రహస్యం ఇదే.

ఈ 'వి' ఆకారానికి విమాన శాస్త్రంలో ఒక పేరుంది: డైహెడ్రల్. ఆకాశంలో విమానం వెళ్తున్నప్పుడు ఎదురుగా చూస్తే దాని రెక్కలు కొద్దిగా పైకి లేచి ఉంటాయి కదా, అదే. విమానం ఒక పక్కకు ఒరిగితే అటువైపే జారుతుంది. అప్పుడు కింద ఉన్న రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి పైకి లేపుతుంది. విమానం దానంతటదే సర్దుకుంటుంది. డాబా మీద పేంచ్ వేసే పిల్లాడు ఈ మాట విని ఉండకపోవచ్చు. కానీ వాడి వేళ్లకు ఆ సంగతి తెలుసు.

వెదురు, కాగితం.. మొదట్నుంచీ ఇవే

1871లో ఫ్రాన్స్‌కు చెందిన అల్ఫాన్స్ పెనో పుల్లలు, కాగితం, మెలితిప్పిన రబ్బరుతో ఒక చిన్న విమానం చేసి పారిస్‌లో ఎగరేశాడు. 11 సెకన్లలో అది దాదాపు 40 మీటర్లు వెళ్లింది. ఆయన డిజైన్‌తో వచ్చిన ఓ ఎగిరే బొమ్మను 1878లో ఓ అమెరికన్ తండ్రి తన ఇద్దరు పిల్లలకు తెచ్చిచ్చాడు. వెదురు, కార్కు, కాగితం, రబ్బరుతో చేసిన బొమ్మ అది. విరిగిపోయేదాకా ఆడుకుని, తర్వాత అలాంటివే తామే చేసుకోవడం మొదలుపెట్టారు ఆ పిల్లలు. వాళ్ల పేర్లు విల్బర్, ఆర్విల్. అవును, రైట్ సోదరులే!

పెద్దయ్యాక వాళ్లు నేరుగా విమానం కట్టలేదు. 1899లో ముందుగా చేసింది ఒక గాలిపటాన్నే. సుమారు 5 అడుగుల ఆ పటంతో, రెక్కల్ని మెలిపెడితే విమానాన్ని అదుపు చేయొచ్చా లేదా అని పరీక్షించారు. 1903లో ఎగిరిన విమానానికి కప్పింది కూడా రేకు కాదు, నూలు మస్లిన్ బట్ట.

రేడియోతో నడిచే మోడళ్లు 1930లలో వచ్చాయి. అమెరికాలో వాల్టర్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో ఎగరేసిన 'గఫ్' వాటిలో పేరున్నది. ఇప్పుడది స్మిత్‌సోనియన్ మ్యూజియం సొత్తు. ఆ రోజుల్లో రేడియో సెట్లు బరువు, ఖరీదు కూడా. అందుకే మామూలు కుర్రాళ్లు రేడియో లేకుండానే ఎగరేసేవాళ్లు. చిన్న ఇంజిన్ కాసేపు తిరిగి ఆగిపోతుంది, ఆ తర్వాత విమానం తేలుతూ దానంతటదే దిగాలి. మధ్యలో సరిచేయడానికి ఎవరూ ఉండరు కాబట్టి డిజైన్‌లోనే నిలకడ ఉండాలి. అందుకే ఆనాటి మోడళ్లు నెమ్మదిగా, బుద్ధిగా ఎగురుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇవి ఇప్పటికీ మంచి నేస్తాలు.

36 అంగుళాల టామ్‌బాయ్

వాటిలో బాగా పేరున్న ఒకటి టామ్‌బాయ్. ఇంగ్లండ్‌కు చెందిన విక్ స్మీడ్ గీసిన ఈ ప్లాన్ 1950లో అక్కడి ఓ మోడలింగ్ పత్రికలో వచ్చింది. రెక్కల పొడవు 36 అంగుళాలు, అంటే మూడు అడుగులే. అప్పట్లో దీనికి 0.75 సీసీ బుల్లి డీజిల్ ఇంజిన్ పెట్టేవారు. ఇప్పుడు ఆ స్థానంలో చిన్న ఎలక్ట్రిక్ మోటార్, రెండు సెల్స్ లిథియం బ్యాటరీ, అగ్గిపెట్టె కన్నా చిన్న సర్వోలు రెండు పెడితే చాలు. ఒక సర్వో తోక నిలువు పలకను (రడ్డర్), ఇంకోటి అడ్డ పలకను (ఎలివేటర్) కదిలిస్తాయి.

రెక్కల మీద కదిలే భాగాలేవీ ఉండవు. మరి పక్కకు ఎలా తిరుగుతుంది? రడ్డర్ తిప్పితే ముక్కు పక్కకు మళ్లుతుంది. 'వి' ఆకారపు రెక్కల వల్ల విమానం అటు ఒరిగి మలుపు తీసుకుంటుంది. కమాన్ దగ్గర చూసిన పాఠమే ఇక్కడా పనిచేస్తుంది.

ప్లాన్ నుంచి పలక మీదికి

* ప్రింట్: ఇలాంటి పాత ప్లాన్లు ఇప్పుడు పీడీఎఫ్‌లుగా దొరుకుతున్నాయి. ఇంజినీరింగ్ డ్రాయింగులు తీసే షాపులో అసలు సైజులో ప్రింట్ తీయించండి. ఇంటికొచ్చాక ముందు చేయాల్సింది స్కేలు పెట్టి కొలవడం. 36 అంగుళాల రెక్క 35 వచ్చిందంటే ప్రింటర్ దాన్ని కాగితానికి తగ్గట్టు కుదించిందని అర్థం.

* పలక: చదునైన మెత్తటి చెక్క పలక మీద ప్లాన్ పరిచి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ వేయండి. లేకపోతే జిగురుకు పుల్లలతో పాటు ప్లాన్ కూడా అంటుకుంటుంది!

* చట్రం: గీతల మీదే పుల్లలు పెట్టి గుండుసూదులతో ఆపి అతకాలి. బాడీ రెండు పక్కలనూ ఒకదాని మీద ఒకటి కడితే రెండూ అచ్చుగుద్దినట్టు వస్తాయి. రెక్క అడ్డుపట్టీలన్నీ (రిబ్స్) ఒకే నమూనా పెట్టి కోయాలి.

* చెక్క: అసలు ప్లాన్‌లో ఉండేది బాల్సా. ఈక్వడార్ నుంచి ఎక్కువగా వచ్చే ఈ చెక్క చాలా తేలిక. హాబీ షాపుల్లో దొరుకుతుంది. వెదురు బాల్సా కన్నా నాలుగైదు రెట్లు బరువు, కానీ చాలా గట్టిది. సన్నగా చీల్చి రెక్క అంచుల వంపులకు, చక్రాల కాళ్లకు వాడుకోవచ్చు.

కాగితం కప్పడమే అసలు పరీక్ష

చట్రం కట్టడం ఓపిక పని. కాగితం కప్పడం మాత్రం చేతిపని. మోడలింగ్ కోసం వాడే టిష్యూ చదరపు మీటరుకు సుమారు 12 నుంచి 21 గ్రాములు ఉంటుంది. మన జిరాక్స్ కాగితం 75 గ్రాములు. 36 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉన్న రెక్కకు కింద, పైన కప్పినా పట్టే టిష్యూ దాదాపు ఒక ఎ4 షీట్ బరువంతే!

అంత పలచటి కాగితం ఏం ఆపుతుందిలే అనుకోకండి. వదులుగా ఉన్న చట్రాన్ని రెండు చేతులతో మెలితిప్పితే ఇట్టే తిరుగుతుంది. దాని మీద కాగితం బిగుతుగా అంటుకున్నాక తిప్పి చూడండి, మొరాయిస్తుంది. డప్పు చర్మంలా అన్ని వైపులా లాగి పట్టుకోవడం వల్ల వచ్చే బలం అది. పతంగి ఫట్‌ఫట్‌మని కొట్టుకోకుండా నిలిచేది కూడా ఈ బిగువు వల్లే.

ఎలా చేయాలంటే.. ముందు చట్రాన్ని సన్న ఇసుక కాగితంతో నున్నగా రుద్దాలి. చిన్న బొడిపె ఉన్నా కాగితం కింద కొండలా కనిపిస్తుంది. కాగితానికి నార వెళ్లే దిశ ఉంటుంది. చించి చూస్తే ఏ వైపు తిన్నగా చిరిగితే అదే ఆ దిశ. దాన్ని రెక్క పొడవు వైపు ఉంచాలి. అంచులకు నీళ్లు కలిపిన తెల్ల జిగురు రాసి, ముడతలు రాకుండా మధ్య నుంచి చివరలకు లాగుతూ అతకాలి. ఆరాక సన్నటి తుంపరలా నీళ్లు కొట్టండి. కాగితం మొదట సాగి ముద్దలా కనిపిస్తుంది. కంగారు పడొద్దు. ఆరేకొద్దీ ముడుచుకుని బిగుస్తుంది. వేలితో మీటితే చిన్న డప్పు శబ్దం వస్తుంది.

ఇక్కడే చాలామంది రెక్కలు వంకర పోతాయి. కాగితం ఒకవైపు ఎక్కువ లాగితే రెక్క మెలి తిరుగుతుంది. అందుకే పూర్తిగా ఆరేదాకా పలక మీద సూదులతో బిగించి ఉంచాలి. ఆ తర్వాత తేమ తగిలి మళ్లీ వదులు కాకుండా పలచటి డోప్ రెండు పూతలు వేస్తారు. డోప్ దొరకకపోతే పెయింట్ షాపుల్లో ఉండే క్లియర్ లక్కర్‌ను థిన్నర్‌తో బాగా పలచన చేసి వాడుకోవచ్చు. వాటి వాసన ఘాటు, పైగా ఇట్టే అంటుకునే గుణం. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చోండి.

పతంగి కాగితంతో కప్పొచ్చా? ప్రయత్నించొచ్చు. అయితే నీళ్లకు కొన్ని రంగులు కారతాయి, కొన్ని కాగితాలు సరిగా బిగుసుకోవు. ముందు అరచేతంత చట్రం కట్టి పరీక్షించి, ఆ తర్వాతే రెక్క జోలికి వెళ్లండి.

డాబా మీద మాత్రం వద్దు

విమానం సిద్ధమైంది కదా అని డాబా ఎక్కకండి. కింద ఇరుకు గల్లీలు, జనం, కరెంటు తీగలు. కాంచన్‌బాగ్ వైపు రక్షణ పరిశోధన సంస్థలు కూడా ఉన్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాలకూ వర్తిస్తాయి. 250 గ్రాముల లోపువి నానో తరగతి. అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో. వ్యాపారం కోసం కాకుండా ఎగరేసుకుంటే ఈ రెండింటికీ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ ఎక్కడ ఎగరేస్తున్నామన్నది ముఖ్యం. రెడ్, ఎల్లో జోన్లలో అనుమతి తప్పనిసరి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకు ఓకే. బయల్దేరే ముందు అధికారిక ఎయిర్‌స్పేస్ మ్యాప్, రిజిస్ట్రేషన్ నియమాలు చూసుకుని ఊరి బయట ఖాళీ మైదానానికి వెళ్లండి. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే ఇంకా మంచిది, వాళ్ల శిక్షణలో ఏరోమోడలింగ్ కూడా ఒక భాగం.

తొలిరోజు మోటార్ ఆన్ చేయొద్దు. ప్లాన్‌లో గుర్తుపెట్టిన చోట రెక్క కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే విమానం సమంగా నిలవాలి. తోక బరువైతే ముక్కు పైకెత్తి ఆగి, దబ్బున పడుతుంది. బ్యాటరీని ముందుకు జరిపి సరిచేయండి. ఆ తర్వాత గడ్డి మీద, ఎదురుగాలికి మెల్లగా చేత్తో వదలండి. తిన్నగా జారుతూ దిగిందా? ఇక మోటార్ వంతు.

గీసే చెయ్యి గల్లీలోనే ఉంది

పతంగి పేరెత్తితే ఇప్పుడు చాలామందికి ముందు గుర్తొచ్చేది చైనా మాంజా. మెడలు కోసే ఆ నైలాన్ దారాన్ని తెలంగాణ ప్రభుత్వం 2016 జనవరిలో నిషేధించింది. 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా వద్దంది. ఆ దారాన్ని దూరం పెట్టాల్సిందే. దాంతో పాటు కాగితం పతంగిని, దాన్ని చేసే చేతుల్ని కూడా దూరం పెట్టేస్తే నష్టం మనకే. మార్కెట్లో అచ్చువేసిన ప్లాస్టిక్ పతంగులు దొరుకుతున్నాయి. డబ్బా విప్పగానే ఎగిరే డ్రోన్లూ ఉన్నాయి. వాటిని ఎగరేయడం నేర్చుకోవచ్చు. ఎందుకు ఎగురుతుందో, విరిగితే ఎక్కడ అతకాలో మాత్రం కట్టినవాళ్లకే తెలుస్తుంది.

ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు, రాఖీలు, పతంగులు చేసే ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఆ పని ఇంట్లోవాళ్లను చూసి నేర్చుకునేదే తప్ప పుస్తకాల్లో దొరకదు. అడిగేవాళ్లు లేకపోతే అది అక్కడితోనే ఆగిపోతుంది. అందుకే పండగ రద్దీలో కాకుండా, నెలా రెండు నెలల ముందు, పతంగులు తయారయ్యే రోజుల్లో వెళ్లండి. అరడజను కొని, ఒక్క ప్రశ్న అడగండి. 'భాయ్, ఈ కమాన్ రెండు వైపులా సమంగా వంగేలా ఎట్ల గీస్తారు?'

జవాబు చెప్పేటప్పుడు వాళ్ల మాటల కన్నా చేతుల్నే ఎక్కువ చూడండి. మీ తొలి విమానం రెక్కకు ఆ పాఠమే పనికొస్తుంది.