నోటు మీది బొమ్మలు

పిల్లలూ! మీరు దుకాణానికి వెళ్లేటప్పుడు చేతిలోని నోటును ఎప్పుడైనా ఆగి చూశారా? అది ఎంత నోటో చూస్తాం గాని, దాని మీది బొమ్మను చూడం. మా నాయనమ్మ మాత్రం ముందు బొమ్మనే చూసేది. ఎందుకంటే ఆమెకు చదువు రాదు. పులి బొమ్మ ఉంటే రెండు రూపాయలు, లేడి ఉంటే అయిదు, తెరచాప ఓడ ఉంటే పది. ఇదీ ఆమె లెక్క. ఈ లెక్కతోనే ఆమె సంతలో ఎన్నడూ మోసపోకుండా నెట్టుకొచ్చింది.

అసలు నోట్ల మీదికి ఈ బొమ్మలు ఎలా వచ్చాయో తెలుసా?

మన రిజర్వు బ్యాంకు 1935లో ఏర్పడింది. అది తన మొదటి నోట్లను 1938లో వెలువరించింది. అప్పుడు మనల్ని ఏలేది ఇంగ్లీషువారు గనక, వాటి మీద ఆరవ జార్జి చక్రవర్తి బొమ్మ ఉండేది. 1947లో స్వాతంత్ర్యం వచ్చింది. మరి ఆ రాజు స్థానంలో ఎవరిని ఉంచాలి? గాంధీ మహాత్ముని బొమ్మ వేద్దామని మొదట అనుకున్నారు. నమూనాలు కూడా తయారైనాయి. చివరకు సారనాథ్‌లో దొరికిన అశోకుని సింహాల శిల్పానికి అందరూ ఒప్పుకున్నారు. 1949 నాటి ఒక రూపాయి నోటు మీద ఆ సింహాలు వెలిశాయి. నిజానికి సింహాలు నాలుగు. అవి వీపులు చేర్చి నాలుగు దిక్కులకూ చూస్తూ ఉంటాయి గనక, బొమ్మలో మూడే కనిపిస్తాయి. గాంధీగారి బొమ్మ 1969లో, ఆయన శతజయంతి నాడు గాని నోట్ల మీదికి రాలేదు.

1960 తరువాతి కొన్నేళ్లు దేశానికి గడ్డురోజులు. అందుచేత పొదుపు కోసం 1967లో నోట్ల కొలతలు తగ్గించారు. నేను అప్పుడే బడిలో చేరాను. ఒకనాడు నాయనమ్మ మిరపకాయలు అమ్మి సంత నుంచి దిగులుగా వచ్చింది. ఆమె చేతిలోని నోటు మీద ఓడ ఉన్నది గాని, నోటు కురచగా ఉన్నది.

"ఒరే అబ్బాయీ, ఇది పదేనా? తక్కువదేమన్నా అంటగట్టారా? చూసి చెప్పు," అన్నది.

నోటు తిప్పి చూశాను. వెనుక ఏవేవో లిపులు. వాటి మధ్య మన అక్షరాలు! కూడబలుక్కుని, "ప-ది రూ-పా-య-లు" అని చదివాను. మా నాన్న ఆ నోటును దీపానికి ఎదురుగా పట్టి చూపాడు. కాగితం లోపల సింహాలు లీలగా కనిపించాయి. కాగితం తడిగా ఉన్నప్పుడే కొంత పలచగా, కొంత మందంగా చేసి తీర్చే ఈ బొమ్మను నీటిగుర్తు అంటారు. నోటు మంచిదేనని తేలిన తరువాతగాని నాయనమ్మ అన్నానికి లేవలేదు. నా చదువు ఇంటికి అక్కరకు వచ్చింది ఆనాడే.

తరువాత బొమ్మలు కూడా మారాయి. రెండు రూపాయల నోటు మీద పులి పోయి, 1975లో మనం అంతరిక్షంలోకి పంపిన ఆర్యభట ఉపగ్రహం వచ్చింది. అయిదు రూపాయల నోటు మీద లేడికి బదులు ట్రాక్టరుతో దున్నే రైతు వచ్చాడు. ఏనుగులుండిన నూరు రూపాయల నోటు మీద మహానదికి అడ్డుగా కట్టిన హీరాకుడ్ ఆనకట్ట వెలసింది. ఇరవై రూపాయల నోటు మీదికి కోణార్క సూర్యదేవాలయపు రథచక్రం వచ్చింది. చూశారా! దేశం దేనిని గొప్పగా తలచిందో, దేనికోసం ఆశపడిందో నోటు చెబుతుంది.

ఇక మీకొక పని. ఇంట్లో ఉన్న నోటును తిప్పి, వెనుక భాషల పట్టీ చూడండి. అందులో పదిహేను భాషలున్నాయి. హిందీ, ఇంగ్లీషు వేరే చోట ఉన్నాయి. పట్టీలో కింది నుంచి రెండవది మన తెలుగు. దానిని మీ ఇంట్లో చదువు రాని పెద్దవారెవరైనా ఉంటే, వారి పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఆ తరువాత ఆ అక్షరాలు వారికే నేర్పండి.