ఒకే కంచం... రెండు ఒళ్లు

అక్కా నేనూ ఒకే కంచంలో తిని పెరిగాం. తెనాలిలో మా నాయనమ్మ వేడన్నంలో కందిపచ్చడి, నెయ్యి కలిపి, ముద్దలు చేసి, ఒకటి దానికీ ఒకటి నాకూ పెట్టేది. చివరి ముద్ద మాత్రం ఎప్పుడూ నాదే, సన్నగా ఉన్నానని. పదో ఏడు వచ్చేసరికి అక్క ఒళ్లు చేసింది. నేను పుల్లలాగే ఉండిపోయాను. మేనత్త వచ్చినప్పుడల్లా అక్క కంచం వంక చూసి, "ఏమే, కాస్త నోరు కట్టుకోకూడదూ? రేపు సంబంధాలు ఎట్టా వస్తాయి?" అనేది. అక్క చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఏ పెళ్లి బంతిలోనూ అక్క ఏదీ మారు అడగగా నేను చూడలేదు.

"నీళ్లు తాగినా ఒళ్లొస్తోందే" అని అది అంటే ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. చాటుగా తింటోందేమో అనుకున్నాను. ఆ అనుమానానికి ఇవాళ సిగ్గుపడుతున్నాను.

వంద రోజులు తినిపిస్తే

కెనడాలోని లవాల్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ బూషార్ అనే శాస్త్రవేత్త అచ్చుగుద్దినట్టుండే 12 జతల కవల యువకులను ఒకేచోట ఉంచి, వంద రోజుల్లో 84 రోజులు వాళ్ల అవసరానికి మించి రోజుకు వెయ్యి కేలరీలు తినిపించాడు. అన్నివేళలా పరిశోధకుల కళ్లెదుటే ఉన్నారు కాబట్టి చాటుగా తినే వీల్లేదు. ఒక్కొక్కరి ఒంట్లోకి అదనంగా వెళ్లింది 84,000 కేలరీలు. 1990లో ఫలితాలు వచ్చాయి. సగటున పెరిగిన బరువు 8.1 కిలోలు. కానీ ఒకతను పెరిగింది 4.3 కిలోలే, ఇంకొకతను 13.3 కిలోలు. ఒకే జతలోని అన్నదమ్ములు మాత్రం ఇంచుమించు ఒకేలా పెరిగారు. ఒకడికి పొట్ట చుట్టూ కొవ్వు చేరితే రెండోవాడికీ అక్కడే చేరింది.

అదనపు తిండి అందరికీ ఒక్కటే, ఒళ్లు మాత్రం మూడింతల తేడాతో వచ్చింది. నాయనమ్మ ముద్దలు గుర్తొచ్చి ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇది పెంపకంలో వచ్చే తేడా కూడా కావచ్చు కదా అంటారా? 1986లో ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందం డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన 540 మందిని పరిశీలించింది. పెద్దయ్యాక వాళ్ల ఒళ్లు కన్నవాళ్ల ఒంటిని పోలి ఉంది. పెంచినవాళ్ల బరువుతో ఏ సంబంధమూ కనిపించలేదు. మనుషుల మధ్య బరువులో ఉన్న తేడాల్లో 40 నుంచి 70 శాతం దాకా జన్యువుల వల్లేనని ఇలాంటి అధ్యయనాలు లెక్కగట్టాయి. మీ 80 కిలోల్లో ఇన్ని కిలోలు జన్యువులవి అని దీనికి అర్థం కాదు. ఒకేలాంటి ఊళ్లో, ఒకేలాంటి తిండి మధ్య బతికేవాళ్లలో ఒకరు లావుగా, ఒకరు సన్నగా ఎందుకుంటారన్న ప్రశ్నకే అది జవాబు.

తార్నాక ఎలుకలు

జన్యువు ఒంటి మీద ఎలా పనిచేస్తుందో చూపించే సాక్షులు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో 1996 ప్రాంతంలో, మామూలు ఎలుకల మధ్య కొన్ని పిల్లలు విపరీతంగా ఒళ్లు చేయడం గమనించారు. శాస్త్రవేత్త గిరిధరన్ బృందం వాటిని వేరుచేసి వంశాలుగా పెంచింది. వాటికి ప్రత్యేకంగా పెట్టే దాణా ఏమీ లేదు. తోడబుట్టిన ఎలుకలకు పెట్టేదే వాటికీ పెడతారు. కాకపోతే ఇవి ఆపకుండా తింటాయి. వాటి రక్తంలో లెప్టిన్ నిండుగా ఉంటుంది, మెదడు దాన్ని పట్టించుకోదు.

కొవ్వు కణాలు మెదడుకు "నిల్వ చాలు, ఇక తినకు" అని పంపే కబురే లెప్టిన్. న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో దీన్ని కనిపెట్టింది. కేంబ్రిడ్జ్ వైద్యులు సదఫ్ ఫారూఖీ, స్టీఫెన్ ఓరహిలీల దగ్గరికి వచ్చిన ఒక పాపకు తొమ్మిదేళ్లకే 94 కిలోల బరువు. ఒంట్లో లెప్టిన్ తయారు కాకపోవడమే కారణమని తేలింది. రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. అంతకుముందు ఆ పిల్ల పడ్డ ఆకలిని తిండిపోతుతనమని ఎందరు అని ఉంటారో!

ఇలాంటి లోపం చాలా అరుదు. మనలో ఎక్కువమందిది ఒక్క జన్యువు కథ కాదు, కొద్దికొద్దిగా పనిచేసే వందల జన్యువులది. వాటిలో ముందుగా బయటపడ్డది ఎఫ్‌టీఓ, 2007లో. అందులో బరువు పెంచే రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వచ్చినవాళ్లు, అసలు రానివాళ్లకంటే సగటున మూడు కిలోలు ఎక్కువ తూగుతారు. ఈ రకం ఉన్న పిల్లలకు కడుపు నిండిందన్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. జన్యువు నేరుగా కొవ్వు తెచ్చి పోయదు. ఆకలి రూపంలో వస్తుంది.

అక్క మూడుసార్లు బరువు తగ్గింది. మూడుసార్లూ మళ్లీ పెరిగింది. దానికీ కారణం ఉంది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని పరిశోధకుడు కెవిన్ హాల్ ఆరేళ్ల తర్వాత పరీక్షించి, ఫలితాలను 2016లో ప్రచురించాడు. ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చు చేయాల్సిన దానికన్నా రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. పోగొట్టుకున్న బరువును తిరిగి రాబట్టుకోవడానికి శరీరం అన్నేళ్లు కాచుకుని ఉందన్నమాట.

జన్యువు అదే, కంచం మారింది

అయితే అంతా తలరాతేనా? కానే కాదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో తరతరాల ఆరోగ్యాన్ని నమోదు చేస్తున్నారు. అక్కడ 1942కు ముందు పుట్టినవాళ్లలో ఎఫ్‌టీఓకూ బరువుకూ సంబంధం కనబడలేదు. తర్వాత పుట్టినవాళ్లలో స్పష్టంగా కనబడింది. జన్యువు ముందూ ఉంది, అది పనిచేయడానికి కావలసిన తిండి, తీరిక తర్వాత వచ్చాయి. 2 లక్షల 18 వేల మంది సమాచారంతో 2011లో వచ్చిన మరో విశ్లేషణ, ఒళ్లు వంచి పనిచేసేవాళ్లలో ఈ జన్యువు ప్రభావం 27 శాతం తగ్గుతుందని చెప్పింది.

మన కంచం కూడా ఒక తరంలోనే మారింది. రాయలసీమలో రాగిసంగటి, తెలంగాణలో జొన్నరొట్టె రోజువారీ తిండిగా ఉన్న ఇళ్లలో వరి అన్నం పండగ తిండి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక ఆ ఇళ్లకూ తెల్లన్నం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పుపట్టను. కానీ పొలం పని తగ్గి, కుర్చీ పని పెరిగాక కూడా అన్నం కొలత తగ్గలేదు. మన భోజనం తీరు చూడండి: పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి. నాలుగుసార్లూ అన్నమే మారు పెట్టుకుంటాం. కూర నంజుకోవడానికే మిగులుతుంది. భారతీయుల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని భారత వైద్య పరిశోధన మండలి సర్వే తేల్చింది. ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం దాటొద్దని తార్నాక సంస్థ 2024లో చెప్పింది. 2000 కేలరీల భోజనానికి అది ఇచ్చిన కొలతల్లో రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. మన ఇళ్లలో ఈ రెండు అంకెలూ తారుమారుగా ఉన్నాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం ఆడవాళ్లు, తెలంగాణలో 32.3 శాతం మగవాళ్లు అధిక బరువుతో ఉన్నారు. నలభై ఏళ్లలో జన్యువులు మారవు.

సన్నవాళ్ల కొవ్వు

నాలుగేళ్ల కిందట నాకు షుగర్ వచ్చింది. బరువు 54 కిలోలు, ఎత్తునుబట్టి బరువును లెక్కగట్టే బీఎంఐ 22. అక్కకు రాలేదు. రిపోర్టు చూసి మేనత్త, "సన్నగానే ఉన్నావు గదే!" అంది.

ఆ మాటకు జవాబు 2004లో లాన్సెట్‌లో అచ్చయిన ఒక ఫొటోలో ఉంది. పక్కపక్కన ఇద్దరు డాక్టర్లు, పుణె కేఈఎం ఆసుపత్రి చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఈ తేడా పుట్టుకలోనే మొదలవుతుందని యాజ్ఞిక్ పరిశోధనలే చూపాయి. వాటిలో పుణె పల్లెల్లో పుట్టిన పాప సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పాప 3.5 కిలోలు. బరువు అంత తక్కువైనా మన పాప చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గదు. తగ్గేది కండ. అందుకే మనవాళ్లకు బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువు అంటారు.

ఇక్కడ కూడా తిండి చేతిలో ఉన్నది తక్కువేం కాదు. 1987–90లో హైదరాబాద్ చుట్టుపక్కల 15 పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు పోషకాహారం అందింది, 14 పల్లెల్లో అందలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యాక చూస్తే, తిండి అందిన పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు. షుగర్‌కు దారితీసే ఇన్సులిన్ నిరోధకత వాళ్లలో 20 శాతం తక్కువ. కడుపుతో ఉన్న కోడలికి పప్పు, గుడ్డు, పాలు ముందు వడ్డించే ఇల్లు పుట్టబోయే మనవరాలి నలభయ్యో ఏడు గురించి కూడా ఆలోచిస్తున్నట్టే.

ఇప్పుడు మా రెండిళ్లలోనూ కూర ముందు వడ్డించి, అన్నం తర్వాత పెడుతున్నాం. రాత్రి ఒక పూట జొన్నరొట్టె. సాయంత్రం అక్కా నేనూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఎవరి వీధిలో వాళ్లం నడుస్తాం. అక్క బరువు పెద్దగా తగ్గలేదు. దాని బీపీ తగ్గింది, నా షుగర్ అదుపులోకి వచ్చింది.

మీ ఇంట్లో ఒళ్లు చేసే పిల్ల ఉంటే దానికొక్కదానికే పథ్యం పెట్టకండి, ఇంటిల్లిపాదికీ అదే వండండి. ముప్పై దాటాక సన్నగా ఉన్నా సరే టేపు తీసి నడుము కొలుచుకోండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే షుగర్ పరీక్ష చేయించుకోండి. ఏ పెళ్లి బంతిలోనైనా మీ పక్కన లావుగా ఉన్న అమ్మాయి కూర్చుంటే, దయచేసి ఆమె కంచం వంక చూసి ఏమీ అనకండి.